పేపర్ వదిలేసి సొంత యూట్యూబ్ ఛానల్ పెట్టనా? ఎన్నికల వార్తలు, ప్రచారం దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి

మండల విలేకరి (ప్రకాశం జిల్లా):

అందరికీ నమస్కారం. మా మండలంలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లుగా కంట్రిబ్యూటర్‌గా రాస్తున్నాను. పత్రిక పేరు ఇక్కడ అవసరం లేదు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చే డబ్బు బండి పెట్రోలుకే చాలదని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. దానికి తోడు పండగలకీ, నాయకుల పుట్టినరోజులకీ యాడ్స్ టార్గెట్. ఎవరి గ్రావెల్ తవ్వకాల మీద వార్త పంపాలో ఆయన దగ్గరికే వెళ్లి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. జీతం లేకపోవడం కంటే నాకు ఇదే ఎక్కువ బాధ.

ఇప్పుడు మా ఊళ్లో ఎరువుల షాపు నడిపే మిత్రుడు కెమెరా, మైకు, కంప్యూటర్ తను కొనిస్తానని, సొంతంగా ఛానల్ పెట్టమని పట్టుబడుతున్నాడు. స్థానిక ఎన్నికలు ముందున్నాయి, ఇదే అదను అంటున్నాడు. నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఇక్కడ వచ్చిన మార్పు చెబుతాను. ఇదివరకు ఎమ్మెల్యే అయినా ఎంపీపీ అయినా ప్రెస్ మీట్ పెట్టాలంటే మా టైము చూసుకునేవాళ్లు. పొద్దుపోతే జిల్లా పేజీకి అందదని వాళ్లకూ తెలుసు. మేం ఎదురుగా కూర్చుంటాం కాబట్టి ఇష్టం ఉన్నా లేకపోయినా రెండు ప్రశ్నలు వినాల్సి వచ్చేది. ఇప్పుడు నాయకుడి పక్కన ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని ఫేస్‌బుక్ లైవ్ పెడతాడు. కార్యక్రమం అయిపోయిన కాసేపటికే ఫొటోలు, ప్రెస్ నోటు, ఎడిట్ చేసిన వీడియో అన్నీ మీడియా గ్రూపులో పడతాయి. ఫోన్ చేసి ఏదైనా అడగబోతే "నోట్‌లో అంతా ఉంది కదన్నా" అంటారు. ఆ నోటును మక్కికి మక్కి వేసే ఛానళ్లు మా మండలంలోనే బోలెడు. వార్త నాకంటే ముందు వాళ్లిచ్చారన్న బాధ నాకు లేదు. ప్రశ్న అడిగే చోటే లేకుండా పోయింది, అదే బాధ.

ఒక్క సంగతి వివరంగా చెప్పాలి. కిందటేడు ఒక ఊళ్లో తాగునీటి ట్యాంకు ప్రారంభించారు. డ్రోన్ షాట్లు, వెనక పాట, నాయకుడు కుళాయి తిప్పగానే బిందెలో నీళ్లు పడటం, బ్రహ్మాండంగా తీశారు. మండలంలో ఎవరి స్టేటస్ చూసినా అదే. తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళ్తే ఆడవాళ్లు ఎప్పట్లాగే ట్యాంకర్ దగ్గర బిందెలు వరసపెట్టి నిలబడి ఉన్నారు. ట్యాంకు దాకా వెళ్లి చూశాను. పైపు మెయిన్ లైనుకు కలపనే లేదు. గుంత తవ్వి, పైపు మూతికి గోనెసంచి చుట్టి వదిలేశారు. ప్రారంభం రోజు ట్యాంకర్‌తో నీళ్లు ఎక్కించారని ఆ ట్యాంకర్ నడిపినతనే చెప్పాడు. ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఫోన్ చేసి, ఆయన వివరణ కూడా కలిపి వార్త పంపాను. జిల్లా పేజీలో డబుల్ కాలమ్ వచ్చింది.

మామూలుగా అయితే అంతటితో సరి. కానీ ఆ ఊరి డ్వాక్రా సంఘం వాళ్లు క్లిప్పింగును ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టారు, మండల గ్రూపులో పెట్టారు, ఆఖరికి నాయకుడి పేజీలో ఆ ప్రారంభం వీడియో కింద కామెంట్లలోనే పెట్టారు. వారం తిరక్కుండా పైపు కలిపారు. పేపర్లో వచ్చినందుకా, ఫోన్లలో తిరిగినందుకా అంటే, రెండూ కలిశాయి కాబట్టే జరిగిందని నా నమ్మకం. నేను వెళ్లి గుంత చూడకపోతే ఆ ఆడవాళ్ల మాట ఎవరూ వినేవాళ్లు కాదు. వాళ్లు ఫోన్లలో తిప్పకపోతే నా వార్త మర్నాడు బజ్జీల పొట్లం అయ్యేది.

అందుకే అడుగుతున్నాను. సొంత ఛానల్‌తో ఇలాంటి పని చేయడం కుదురుతుందా? లేక ఎన్నికలు రాగానే నేనూ ఎవరో ఒకరికి ప్రచార విభాగం అయిపోతానా? అసలు ఈ రీల్స్, వీడియోలు ఓట్లను కదిలిస్తాయా?


రిటైర్డ్ సబ్ ఎడిటర్ (విజయవాడ):

తమ్ముడూ, జిల్లా డెస్కులో రాత్రుళ్లు నీలాంటి వాళ్లు పంపిన వార్తలు దిద్దుతూ రిటైరైనవాణ్ని. నీ ట్యాంకు వార్త చదివి సంతోషం వేసింది.

నువ్వు ఇప్పుడు చూస్తున్నట్టే మా తరమూ ఒక కొత్త మీడియాను చూసింది. 1974లో ఈనాడు విశాఖపట్నం నుంచి రావడం, ఆ తర్వాత 1989లో జిల్లాకో చిన్న పేపర్ లోపల పెట్టడం, మిగతా పత్రికలూ అదే దారి పట్టడం. మండలానికో విలేకరి అనేవాడు పుట్టింది అక్కడే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయిస్తే, ఆ కబురు పక్క ఊళ్లకీ పక్క జిల్లాలకీ పాకడంలో పత్రికల జిల్లా పేజీల పాత్ర పెద్దది. ఒక ఊళ్లో సారా వేలం పాట ఆపారని చదివి ఇంకో ఊళ్లో ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఊరి వార్త ఊరివాళ్లే చదివి, ఊరివాళ్లే కదలడం అంటే అది. మీ డ్వాక్రా అక్కలు ఫోన్లతో చేసిందీ అదే.

అలాగని పాత రోజులన్నీ బంగారం అనుకోవద్దు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనను వార్తలా వేసిన పాపం పత్రికలదే, ఛానళ్లదే. దాని మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. పేర్లతో సహా రాసిన వాళ్ల నివేదికను కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టలేదు. సమాచార హక్కు కింద అడిగినవాళ్లు కేంద్ర సమాచార కమిషన్ దాకా వెళ్తే 2011లో బయటికొచ్చింది. అదే ఏడు ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను, వార్తల్లా వేయించుకున్న ప్రకటనల ఖర్చు లెక్కల్లో చూపనందుకు, ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. కాబట్టి పేపర్లో ఉంటే నీతి, యూట్యూబ్‌లో ఉంటే అవినీతి అనే లెక్క లేదు. డబ్బు ఎవరిదన్నదే అసలు లెక్క.

మీ ఎరువుల షాపు మిత్రుణ్ని ముందే ఒక మాట అడుగు. రేపు నకిలీ విత్తనాల వార్త వచ్చింది, అందులో అతని డీలర్ పేరో, అతని పేరో ఉంది. వేస్తావా? వేస్తే కెమెరా వెనక్కి తీసుకుంటాడా? ఈ మాట ఇప్పుడు అడగలేకపోతే ఛానల్ పెట్టొద్దు. మొహమాటపడకు.


ఆఫ్‌సెట్ ప్రెస్ (తెనాలి):

మాది కరపత్రాలు, వాల్ పోస్టర్లు వేసే ప్రెస్. మా నాన్నగారి రోజుల నుంచి ఎన్నికలంటే మాకు సీజను. నాది ఒక్కటే మాట.

మా దగ్గర ఎన్నికల కరపత్రం వేయించుకోవాలంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ సెక్షన్ ఒప్పుకోవాలి. కింద ప్రింటర్ పేరు, అడ్రసు, పబ్లిషర్ పేరు, అడ్రసు ఉండాలి. వేయించుకునేవాడు సంతకం చేసిన డిక్లరేషన్ ఇవ్వాలి, అతన్ని ఎరిగిన ఇద్దరు దాని మీద సాక్షి సంతకాలు పెట్టాలి. అచ్చయ్యాక ఒక కాపీ, ఆ డిక్లరేషన్ అధికారులకు పంపాలి. తప్పితే 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ఎదుటి అభ్యర్థి ఇంటి ఆడవాళ్ల మీద చెత్త రాసి తెచ్చినవాళ్లను "మా పేరు కింద పడుతుందయ్యా, వేయలేం" అని తిప్పి పంపేవాళ్లం.

అదే చెత్త ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. కింద ఎవరి పేరూ ఉండదు. ఎవరు చేశారో, ఎవరు డబ్బిచ్చారో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఛానల్ పెడితే ప్రతి వీడియో కింద మీ పేరు, మీ ఆఫీసు అడ్రసు పెట్టండి అన్నా.


సోషల్ మీడియా కోఆర్డినేటర్ (పేరు వద్దు):

అన్నయ్యా, 2024లో ఒక నియోజకవర్గంలో ఒక పార్టీ అభ్యర్థి సోషల్ మీడియా టీమ్‌లో పనిచేశాను. పార్టీ ఏదో అడగొద్దు. అన్ని పార్టీల పద్ధతీ దాదాపు ఒకటే.

రోజూ పొద్దున్నే రాష్ట్ర టీమ్ నుంచి మాకు కంటెంట్ వచ్చేది. దానికి ఊరి పేరు, లోకల్ నాయకుడి ఫొటో తగిలించి మండల గ్రూపులకు, అక్కణ్నుంచి బూత్ గ్రూపులకు పంపేవాళ్లం. స్టేటస్‌కు సరిపడా 30 సెకన్ల ముక్క ఒకటి, రీల్ ఒకటి, పెద్దవాళ్లకు కాస్త నిదానంగా మాట్లాడే వీడియో ఒకటి. ఇదంతా బయటికి కనిపించే పని. కనిపించని పని ఇంకొకటి ఉంటుంది, మీరు జాగ్రత్తపడాల్సింది దాంతోనే. న్యూస్ ఛానల్‌లా కనిపించే పేజీలు ఎన్నికలకు నెలల ముందే పుడతాయి. మొదట్లో వాతావరణం, బంగారం ధర, కరెంటు కోతలు వేస్తాయి. జనం అలవాటు పడ్డాక మెల్లగా ఒకవైపు ఒరుగుతాయి. అభ్యర్థి అఫిడవిట్‌లో తన సొంత ఖాతాలు రాయాలని, ఆన్‌లైన్ ప్రచారం ఖర్చు, ఆ పనిచేసే టీమ్ జీతాలు కూడా లెక్కల్లో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఇలాంటి పేజీలు మాత్రం ఏ అభ్యర్థి పేరు మీదా ఉండవు కాబట్టి ఏ లెక్కలోకీ రావు. డబ్బులిచ్చి వేయించే ప్రకటనకైతే ప్రకటనలను పరిశీలించే ఎంసీఎంసీ కమిటీ దగ్గర ముందే అనుమతి కావాలి. ఎవరో సొంత ఖాతాలో పెట్టుకున్న వీడియోకు అది అక్కర్లేదు. ఆ సందులోంచే అంతా నడుస్తుంది. మీ ఛానల్‌కు కాస్త పేరు రాగానే నాలాంటి వాళ్లు ఫోన్ చేసి "నెలకింత ఇస్తాం, మా వార్తలు కాస్త చూడండి" అంటారు. మర్యాదగానే అడుగుతారు. దాన్ని "సపోర్ట్" అంటారు.

ఓట్లు కదులుతాయా అన్నారు. మా టీమ్ చేసిన ట్రోల్ వీడియోల వల్ల మనసు మార్చుకున్నవాళ్లు ఒక్కరూ నాకు ఎదురుపడలేదు. మనవాళ్లే చూసి మనవాళ్లే నవ్వుకుంటారు. మా పనిలో నిజంగా ఓటైంది ఒకటుంది. ప్రతి బూత్‌లో హైదరాబాద్, బెంగళూరు వెళ్లి పనిచేసుకునే వాళ్ల పేర్లు, నంబర్లు రాసి, ఊరివారీగా గ్రూపులు పెట్టాం. ఎవరు ఏ రోజు బయల్దేరుతున్నారు, ఎవరి కారులో సీటు ఖాళీ ఉంది, బస్సు ఎక్కడ ఎక్కాలి, ఓటరు స్లిప్పు ఫొటో, అన్నీ అందులోనే. మే 13 పోలింగ్ ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారులు టీవీలో చూసే ఉంటారు. అలా వచ్చినవాళ్లలో చాలామందిని కదిలించింది ఇలాంటి గ్రూపులే. దాని మీద వార్తలు తక్కువ వచ్చాయి, మీమ్స్ మీద మాత్రం పేజీలు పేజీలు వచ్చాయి.


పాలమూరు బిడ్డ (నాగర్‌కర్నూల్ జిల్లా):

వ్యూస్, ఓట్లు అనే మాటకు మా కొల్లాపూర్‌నే చూడండి. డిగ్రీలు చదివినా నోటిఫికేషన్లు రావట్లేదు, అందుకే బర్రెలు కొనుక్కున్నా అని వీడియో పెట్టి 'బర్రెలక్క'గా పేరు తెచ్చుకున్న శిరీష 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డది. విజిల్ గుర్తు. ఆమె వీడియోలు లక్షల మంది చూశారు. ఊరూరికీ యూట్యూబ్ ఛానళ్లు ఆమె వెంట తిరిగాయి. మాజీ ఐపీఎస్ అధికారి లక్ష్మీనారాయణ వచ్చి ప్రచారం చేశారు. ఆమె తమ్ముడి మీద దాడి జరిగితే హైకోర్టు భద్రత కల్పించమన్నది. ఫలితాల రోజు వచ్చిన ఓట్లు 5,754.

ఓడిపోయింది కదా, అంతా ఉత్తదే అని అప్పుడు చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. పార్టీ లేదు, డబ్బు లేదు, కులపెద్ద లేడు. అలాంటి ఒక పేదింటి ఆడపిల్ల మాట వినడానికి పాత రోజుల్లో ఒక్క విలేకరి వచ్చేవాడా? ఆమె వల్ల నిరుద్యోగం సంగతి ప్రతి పార్టీ అభ్యర్థీ మాట్లాడాల్సి వచ్చింది. కానీ ఒకటి గమనించాలి. ఆమె చుట్టూ మూగిన ఛానళ్లలో ఎక్కువ భాగం బర్రెలు, ఏడుపు, పెళ్లి ఎప్పుడు, ఇవే అడిగాయి. నియోజకవర్గానికి ఏం చేస్తావు, నీ మేనిఫెస్టోలో ఏముంది అని కూర్చోబెట్టి అడిగినవి తక్కువ. చూసేవాళ్లు వేరే జిల్లాల్లో, వేరే దేశాల్లో ఉన్నారు. ఓటరు పెంట్లవెల్లిలో, కోడేరులో ఉన్నాడు. మీరు ఛానల్ పెడితే మీ మండలం వాళ్ల కోసమే పెట్టండి. వ్యూస్ తక్కువొచ్చినా సరే.


వర్జీనియా తెలుగు:

నేను చదువుకోవడానికి వచ్చిన రోజుల్లో ఇక్కడ ఇదే చర్చ నడిచేది. 2004లో అధ్యక్షుడు బుష్ మిలిటరీ సర్వీసు గురించి సీబీఎస్ ఛానల్ పాత కాగితాలు చూపిస్తే, ఆ అక్షరాల తీరు 1970ల టైప్ మిషన్‌ది కాదు, కంప్యూటర్‌దిలా ఉందని గంటల్లోనే బ్లాగర్లు పట్టుకున్నారు. రెండు వారాలు తిరక్కుండా సీబీఎస్ ఆ కాగితాలు అసలైనవని నిరూపించలేమని ఒప్పుకుంది. పెద్ద ఛానల్ చెప్పింది కాబట్టి నిజం అనే రోజులు ఇక్కడ ఆ సెప్టెంబరుతో పోయాయి.

2006లో జరిగింది మా రాష్ట్రంలోనే. సెనేటర్ జార్జ్ అలెన్ మళ్లీ పోటీ చేస్తున్నాడు, గెలుపు ఖాయం అనుకుంటున్నారు. ఆగస్టు 11న ఒక సభలో, ప్రత్యర్థి జిమ్ వెబ్ తరఫున కెమెరాతో తనను అనుసరిస్తున్న భారతీయ మూలాలున్న కుర్రాణ్ని వేలెత్తి చూపిస్తూ "మకాకా" అన్నాడు. అది ఒక జాతి కోతి పేరు. వర్జీనియాలోనే పుట్టి పెరిగిన ఆ పిల్లాణ్ని "అమెరికాకు స్వాగతం" అని కూడా వెక్కిరించాడు. కెమెరా నడుస్తూనే ఉంది. యూట్యూబ్ పుట్టి అప్పటికి ఏడాదిన్నర. ఆ వీడియో పేపర్లు, టీవీలు, యూట్యూబ్ అన్నిటా తిరిగింది. నవంబరులో 23 లక్షలకు పైగా పోలైన ఓట్లలో పది వేల కంటే తక్కువ తేడాతో అలెన్ ఓడిపోయాడు. ఆ సీటుతో సెనేట్‌లో ఆధిక్యమే డెమోక్రాట్ల చేతికొచ్చింది.

ఆ వీడియోలో ఎడిటింగ్ లేదు, పాట లేదు. ఒక మనిషి ఓపిగ్గా ప్రతి సభకూ వెళ్లి, మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేశాడు. అంతే. మీరు చేయగలిగింది కూడా అదే. మండలంలో ప్రతి అభ్యర్థి సభా పూర్తిగా రికార్డు చేసి దాచండి. గెలిచాక ఏమన్నారో చూపించడానికి మీ దగ్గర ఉంటుంది.


పల్నాడు పాఠకుడు:

పై మాటకు తోడుగా. 2024 పోలింగ్ రోజున మా మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులో ఈవీఎం పగలగొట్టారు. వారం పాటు ఎవరి మాట వాళ్లు చెప్పారు. పోలింగ్ కేంద్రంలోని కెమెరా దృశ్యం సోషల్ మీడియాలోకి వచ్చాక ఒక్క రోజులో దేశమంతా చూసింది, ఎన్నికల సంఘం అరెస్టుకు ఆదేశాలిచ్చింది. ఒక్క వీడియో చేసిన మేలు అది. అదే వారంలో ఎక్కడెక్కడివో పాత గొడవల వీడియోలు మా ఊరి పేరుతో తిరిగాయి. మా అమ్మ ఫోన్లో అన్నీ ఒకేలా వచ్చాయి. ఏది మన ఊరిదో, ఏది కాదో చెప్పే మనిషి మాకు దొరకలేదు. అన్నా, మీలాంటి వాళ్లు ఉండాలి.


మండల విలేకరి (ప్రకాశం జిల్లా):

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. సర్, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి మా మిత్రుణ్ని నకిలీ విత్తనాల సంగతి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా షాపు మీద వార్త అయితే నన్ను కూడా అడిగి నా మాట కూడా వెయ్యి, ఆపమని మాత్రం అడగను" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాయమన్నాను, రాశాడు. కెమెరా అప్పుగా తీసుకుంటున్నాను, ఊరికే కాదు. నెలనెలా తీర్చేస్తే ఆ మొహమాటం కూడా ఉండదు.

పేపర్ ఇప్పుడే మానను. ఎన్నికలయ్యేదాకా రెండూ చేస్తాను. అక్కడ పట్టని వార్త ఇక్కడ వేస్తాను. రాజకీయ నాయకుల దగ్గర శుభాకాంక్షల ప్రకటనలు ఛానల్‌కు తీసుకోను. మా ఊరి కిరాణా షాపులు, ట్యూషన్ సెంటర్లు ఇచ్చేవి చాలు. చెల్లెమ్మా, మీరు చెప్పిన "సపోర్ట్" ఫోన్లు ఇప్పటికే మొదలయ్యాయి. ఛానల్‌కు పేరు కూడా పెట్టలేదు, ఇద్దరు అడిగారు. ప్రతి వీడియో కింద నా పేరు, బస్టాండ్ పక్కన గది అడ్రసు ఉంటాయి. తప్పు ఉందనిపిస్తే అక్కడికొచ్చి అడగొచ్చు.

మొదటి పని ఏంటంటే, సర్పంచ్ అభ్యర్థులు ఎవరెవరన్నది తేలగానే అందర్నీ ఒకే చోట కూర్చోబెట్టి, ఊరివాళ్ల ముందు తాగునీరు, శ్మశానం దారి, ఉపాధి హామీ బిల్లులు, ఈ మూడింటి మీదే అడగాలని. రానివాళ్ల కుర్చీ ఖాళీగా ఉంచి రికార్డు చేస్తాను. ఎడిటింగ్ లేకుండా మొత్తం పెడతాను.

ఒక చిన్న సాయం. మా వైపు సాయంత్రాలు గాలి ఎక్కువ, రచ్చబండ దగ్గర మాటలు సరిగ్గా రికార్డు కావట్లేదు. ఐదు వేల లోపు మంచి కాలర్ మైకు ఏదైనా వాడినవాళ్లుంటే చెప్పండి. రెండు కావాలి, ఒకటి నాకు, ఒకటి ప్రశ్న అడిగే ఊరివాళ్లకు.